బండల కిందికెళ్లి వచ్చిన నెట్టు

మా తాండూరు గల్లీల ఇంటర్నెట్ వైరు స్తంభాల మీదికెళ్లి వేలాడుతది. నాపరాతి బండల లారీ వచ్చిందంటే తెంపుకొని పోతది. అందుకే అందరూ వైరు లేని సిమ్ము మోడెం పెట్టుకున్నరు. నాకూ అదే ఉండె. ఇంట్ల కంప్యూటర్ ముందట కూసొని పిల్లలకు లెక్కలు చెప్తుంటే, సాయంత్రమైతే చాలు, నోరు తెరిచిన నా మొఖం తెర మీద గట్లనే ఆగిపోతది.

ఈ రోజు కనెక్షన్ ఇచ్చేటాయన వస్తే నాకు వైరే కావాలన్న.

"మళ్ల తెగుతది మేడం. గీ పరేషాన్ ఎందుకు, అందరి తీరుగ ఉండున్రి" అన్నడు.

"మీదికెళ్లి వద్దు. గల్లీల పరిచిన బండల కిందికెళ్లి గుంజు."

"గల్లీల బండలన్నీ ఎవరు లేపుతరు?"

గా బండలు పరుచుకున్నది మేమే, లేపుడు మాకు రాదా? మా అత్తమ్మ గడ్డపార తెచ్చి, మా గేటు ముందటి బండ కింద పెట్టింది. ఆయన వైరుకు పైపు తేనీకి పోయిండు. అందరం కలిసి బండలు లేపి, పైపుల వైరేసి, మళ్ల పరిచినం.

సాయంత్రం క్లాసుల నా మొఖం ఒక్కసారి గూడ ఆగలే. బయట బండల లారీ వైరు మీదికెళ్లే పోయింది, పోనీ.

మీ ఇంట్ల ఏ నెట్టో చెప్పున్రి. "అందరి తీరుగ ఉండు" అనేటోళ్లు మాత్రం జర ఆగున్రి, గడ్డపార ఇంక వాకిట్లనే ఉంది.