క్రేను బావ దించిన బరువు

ఆ గోదాములో క్రేను నడిపే మనిషిని చిన్నా పెద్దా అందరూ బావ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ఇనుప నిచ్చెన ఎక్కి, పైనున్న ఇరుకు క్యాబిన్‌లో కూర్చుని, టన్నుల సరుకును పూలబుట్ట దించినంత సుతారంగా దించే పనివాడు. కొత్త సేఫ్టీ బెల్టులు వచ్చేదాకా ఆయన లావు సంగతి ఎవరికీ పట్టలేదు. బెల్టు మోసేది వంద కిలోలే. బావ నూట పన్నెండు. నాలుగు నెలల్లో వందకు దిగకపోతే పైకి ఎక్కనివ్వం, గేటు దగ్గర కూర్చోవాల్సిందే అన్నారు. బావ గుండెల్లో రాయి పడింది.

కంపెనీ నర్సమ్మ ఆయన ఎత్తు కొలిచి లెక్క వేసింది.

"మీ ఎత్తుకి యాభై నాలుగు నుంచి డెబ్బై రెండు దాకా ఉంటే మంచిది బావా."

"డెబ్బై రెండా! పెళ్లినాడే డెబ్బై ఎనిమిది ఉన్నానమ్మా! సరే కానీ, నాలుగు నెలల్లో దించేస్తా."

"అలాగైతే క్రేను కన్నా ముందు మంచం ఎక్కుతారు. ఆ అంకె దారి చూపడానికే. కండ పట్టిన ఒళ్లయితే కాస్త అటూ ఇటూ ఉంటుంది కూడా. ఇప్పటికి వందకొస్తే చాలు. వారానికి ముప్పావు కిలో."

బావ వింటేగా! నోరు కట్టేసుకున్నాడు. నాలుగో రోజున కళ్లు తిరిగి నిచ్చెన మొదటి మెట్టు మీదే కూలబడ్డాడు. "ఈ ఆరంభశూరత్వం చాలు, ముందు తినండి" అని భార్య కసిరింది. ఆ రోజు నుంచి పళ్లెంలో సగం కూరలే. మారు వడ్డన బంద్. సాయంత్రాలు ఇద్దరూ కలిసి నడక.

నెల తిరగ్గానే ఆత్రం ఆపుకోలేక, సరుకు తూచే కాటా ఎక్కాడు. నూట పది! బెల్టులు వచ్చిన రోజూ అదే కాటా అదే అంకె చూపింది. పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాడు. విషయం తెలిసి నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"టన్నులు తూచే కాటాకి మీ రెండు మూడు కిలోలు ఏ మూలకి బావా? అది ఐదైదు కిలోల లెక్కనే చూపిస్తుంది!"

ఆమె గదిలో తూస్తే నూట తొమ్మిది. బావ మొహం చేటంత అయింది.

గడువు రోజు వచ్చింది. నూటొకటి.

"ఒక్క కిలోకేముందమ్మా, వంద రాసేయండి" అన్నాడు సూపర్‌వైజరు. క్రేను ఆగితే ఆయన పనీ ఆగుతుంది మరి. నర్సమ్మ పెన్ను పట్టుకుని బావ వైపు చూసింది. బావకు ప్రాణం లాగింది. తలూపితే చాలు, పది నిమిషాల్లో పైన ఉంటాడు.

"వద్దమ్మా, ఉన్నదే రాయండి. ముప్పై ఏళ్లలో ఒక్క సరుక్కీ దొంగ తూకం చెప్పలేదు. నా ఒంటికి చెబుతానా?"

ఇంత మాట అనడానికి ఎంత గుండె కావాలి! అనేసి, వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాడు. జాలిపడబోయిన లారీ డ్రైవర్లకు "రెండు వారాలేరా!" అని తనే ధైర్యం చెప్పాడు.

పదమూడో రోజున నర్సమ్మ తొంభై తొమ్మిదిన్నర అని రాసింది. సూపర్‌వైజరే స్వయంగా బెల్టు తెచ్చి, బావ నడుముకు బిగించాడు.