బెరడు తియ్యని దుంగ

ఎవరైనా మామిడి చెట్టు మాట ఎత్తితే నేను ఇప్పటికీ మాట మారుస్తాను. ముప్పై ఏళ్లు దాటింది. నా భార్యకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు దేవుడికి కూడా నసిగి చెప్పానే తప్ప పూర్తిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల చివరి మాట. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మాది తెలుగు లైను. నేను వర్క్‌షాపులో వడ్రంగిని. పక్క క్వార్టరు నూకరత్నం అత్తది. నాకు వరసకి అత్త కాదు, లైనంతా అలాగే పిలిచేది. ఆవిడ పెరట్లో మామిడి చెట్టు ఉండేది, ఆ కాయతోనే లైనందరికీ ఆవకాయ. ఆవిడకి అవతలి పక్క దులాల్‌దా, అంటే దులాల్ అన్న. లైనులో ఆయనొక్కడే బెంగాలీ. భార్యది రైల్వే ఉద్యోగం, ఆయన ఊళ్లో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు.

ఆ ఏడు ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో తెలిసినవాళ్ల మామిడి చెట్టు నిలువునా ఎండిపోయింది. కొట్టేస్తుంటే దుంగ నేనడిగి తెచ్చుకున్నాను. ఠేలాబండి మీంచి దించడానికి దులాల్‌దా కూడా ఒక చెయ్యి వేశాడు. ఎండకి కర్ర పగలకుండా బెరడు అలాగే ఉంచి, రెండు కొసలకీ పేడ మెత్తి, అత్త చెట్టు కొమ్మలు మా పెరట్లోకి వాలిన చోట నీడలోకి దొర్లించాను. మా షాపు మేస్త్రీ నేర్పిన పద్ధతే అది. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. రోగంతో చచ్చిన చెట్టయితే బెరడు వెంటనే ఒలిచి కాల్చెయ్యమన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మంచి కర్ర, ఒలిస్తే పగిలిపోతుందని ఆశకొద్దీ ఊరుకున్నాను.

కొన్ని వారాలకి దుంగ మీద సన్నటి పిండి రాలింది. గుండుసూది దూరేంత కన్నాలు. కర్రన్నాక పురుగు మామూలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకోవాలనుకున్నానా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

వానలు మొదలయ్యాక అత్త చెట్టుకి ఒక కొమ్మ ఎర్రబారింది. ఆకు రాల్లేదు, ఎండి అలాగే వేలాడింది. మాను మొదలు నుంచి నల్లటి బంక కారింది. నెల తిరిగేసరికి చెట్టంతా అంతే. అత్త మాను తడిమి చూసి, చిన్న చిన్న కన్నాలు కనబడగానే కేక పెట్టింది.

"సూది గుచ్చి మందెక్కించేసినాడు, ఆ కాంపౌండరోడు!"

అంతకుముందు ఏడు, కొమ్మ తన కప్పుకి రాసుకుంటోందని దులాల్‌దా దాన్ని నరికించాడు. ఇద్దరికీ పెద్ద గొడవైంది. అందరికీ అదే గుర్తొచ్చింది. కొళాయి దగ్గర ఆయన భార్యతో ఆడవాళ్లు మాట్లాడడం మానేశారు. ఆ కన్నాలు నేను నా దుంగ మీద ముందే చూశాను.

ఇంటికొచ్చి దుంగ బెరడు ఊడదీశాను. లోపల సొరంగాలు, నువ్వుగింజ కంటే చిన్న పురుగులు, కింద కర్రలో నల్లటి చారలు. అత్త చెట్టు నుంచి విరిగిపడిన కొమ్మ చీల్చి చూశాను. అవే చారలు. రెండు రోజులు కూర్చుని బెరడంతా పొయ్యిలో పెట్టి కాల్చేశాను. నా చేతుల నిండా పొగ వాసన, ఎంత తోమినా పోలేదు.

మర్నాడే తోటల శాఖలో పనిచేసే ఒకాయన వచ్చి చెట్టు చూశాడు. ఇది మందు కాదన్నాడు. పురుగు తన ఒంటి మీద బూజు మోసుకొస్తుందట. అది కన్నం తొలిస్తే బూజు లోపలికి దిగి చెట్టు నీళ్లు తాగే దారులు మూసేస్తుందట. "చుట్టుపక్కల ఎవరైనా బెరడు తియ్యని కర్ర పెట్టుకున్నారా?" అని అడిగాడు. నేను జనం వెనక్కి జరిగాను. ఆ మాత్రం పురుగు అంత చెట్టుని చంపుతుందా అని అత్త కొట్టిపారేసింది. లైను కూడా ఆవిడ మాటే నమ్మింది. ఆయన మాట నమ్మినవాళ్లం ఇద్దరమే. నేను, దులాల్‌దా.

సాయంత్రం దులాల్‌దా మా పెరట్లోకి వచ్చాడు. మా లైనులో ఉండి ఉండి తెలుగు బాగానే వచ్చేది.

"భాయ్, నీ దుంగలో పురుగేటైనా ఉండిందా?"

"లేదు దాదా. మంచి కర్ర."

"సరిగా సూసినావా?"

"సూసినాను. దాన్లో ఏటీ లేదు."

"ఠీక్ హై. కర్ర సంగతి నీకే తెల్సు కదా" అన్నాడు.

నమ్మాడు.  దసరా పూజలు రాకముందే సామాను సర్దుకుని వేరే వీధికి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదు? క్వార్టరులో కర్రపని చేస్తున్నానని తెలిస్తే మెమో ఇస్తారని భయం. అత్త నోరంటే భయం. ఇవన్నీ నిజాలే, కానీ అసలు సంగతి ఇవి కాదు. ఆయన మీద పడ్డ చూపు నా మీద పడుతుందన్న ఒక్క ఊహకే నేను చచ్చిపోయాను. ఆ తర్వాత లైనులో ఇంకో రెండు చెట్లు పోయాయి. వెళ్తూ వెళ్తూ వాటికీ మందు పెట్టేసి పోయాడన్నారు. నేనూ తల ఊపాను.

ఆ దుంగలో చారలు లేని నడిమి కర్రతో బల్ల చేసి అత్తకిచ్చాను. మోడు కొట్టేసిన చోట వేసుకుని, పోయేదాకా దాని మీదే కూర్చుంది. తన బాధ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని వచ్చినవాళ్లందరితో చెప్పేది. 

దులాల్‌దా ఇప్పుడు లేడు. మా ఇంట్లో ఒక మామిడి చెట్టుంది. వారానికోసారి మాను మీద చెయ్యేసి కన్నాల కోసం తడుముతాను. భయం చెట్టు గురించి కాదు. ఒక్క కన్నం కనబడినా ఆయన మళ్లీ పెరట్లోకి వచ్చి అదే ప్రశ్న అడుగుతాడనిపిస్తుంది.

దాదా, దుంగలో పురుగుంది. నేను చూశాను.