గది మూడు: ఖాళీ

పొద్దున ఆరూ ముప్ఫై అయిదుకి నాంపల్లి మెట్రో మెట్లు దిగాను. సన్నటి వాన, ఆగేలా లేదు. నా దగ్గర రెయిన్‌కోటు, లాఠీ, టార్చి, విజిల్, స్టీలు టిఫిన్ డబ్బా ఉన్నాయి. ఆబిడ్స్ వైపు పన్నెండు నిమిషాల నడక. ఒక సందు చివర నా పోస్టు. కూలగొడుతున్న పాత లాడ్జి అది. పై అంతస్తులు అప్పటికే లేవు. మిగిలింది సెల్లార్, దాని పక్కన ఇటుక ముక్కల గుట్ట. డ్యూటీ ఏడు నుంచి మూడు. మొత్తం ఎనిమిది రోజులు.

సైన్యం వదిలి చాలా ఏళ్లయింది. అయినా మాజీ సైనికుడనే నన్ను ఈ కాపలాకి పెట్టారు. రెండో గేటు దగ్గర కాపలా ఉండే అతనికి మొదటిరోజే చెప్పాను, మంచు సరిహద్దులో పద్నాలుగేళ్లు చేశానని, తుపాకుల మోత లేకపోతే నిద్రపట్టేది కాదని.

“గంత మంచుల ఎట్లుంటివి తాతా?”

“భయమన్నది తెలియకపోతే చలి కూడా తెలియదు తమ్ముడూ.”

రెండో రోజు, తొమ్మిదీ పది. సైటు వాళ్లిచ్చిన వాకీటాకీలో రెండో గేటు అతని గొంతు.

“తాతా, సెల్లార్‌ల ఎవరో ఏడుస్తున్నరట. కూలోళ్లు కిందికి పోతలేరు. ఓవర్.”

“పిల్లి అయ్యుంటుంది. ఓవర్.”

“పిల్లి గట్ల రాగం తీస్తదా? జర నువ్వే పోయి చూడరాదు, ఫౌజీవి గదా.”

నేను వెళ్లలేదు. కానీ ఆ మధ్యాహ్నం నేనూ విన్నాను. నాంపల్లి రైల్వే స్టేషన్‌లో రైలు అనౌన్స్‌మెంట్ ఆగింది. ఆ వెంటనే నేల కిందనుంచి ఒక గొంతు లేచింది. సన్నగా మొదలై, సాగి, పైకి వెళ్లి, తెగిపోయింది. అది మొరుగుడు కాదు. మనిషి ఏడుపూ కాదు. మెడ వెనక వెంట్రుకలు నిలబడ్డాయి. పట్టపగలు, ముప్ఫై అడుగుల దూరంలో ఆబిడ్స్ హారన్లు. అయినా నా వేళ్లు విజిల్ కోసం వెతుక్కున్నాయి.

అయిదో రోజు సూపర్‌వైజర్ ఆర్డరు ఇచ్చాడు.

“పదకొండుకు సెల్లార్‌ను ఇటుక ముక్కలతోని నింపుతం. అంతకుముందు మీరు దిగి, మూడు గదులు చూసి, రిజిస్టర్ల సంతకం పెట్టున్రి. ఇంకొకడైతే నేను గూడ వెంట దిగుదును. ఫౌజీ సంతకం గనక నాకు ఫికర్ లేదు.”

తొమ్మిదిన్నరకి మెట్ల దగ్గర నిలబడ్డాను. పద్నాలుగు మెట్లు. పాచి. కింది రెండూ నీళ్లలో ఉన్నాయి. టార్చి వెలిగించి దిగాను. ఇక్కడినుంచి మా కాలనీలో నేను చెప్పే కథ వేరు. అందులో నీళ్లు ఛాతీ దాకా ఉంటాయి, టార్చి పళ్ల మధ్య ఉంటుంది, నేను గదులన్నీ గాలిస్తాను.

నిజానికి ఏడో మెట్టు మీద ఆ గొంతు మళ్లీ లేచింది. నేను వెనక్కి తిరిగి పైకొచ్చేశాను. గోడకి ఆనుకుని, చాయ్ తాగి, రిజిస్టరు తెరిచాను. గది ఒకటి: ఖాళీ. గది రెండు: ఖాళీ. గది మూడు: ఖాళీ. సంతకం. టైము 9.50.

పదకొండుకి జేసీబీ కదిలింది. మూడో గది కప్పుకి కొట్టిన కన్నంలోంచి మొదటి బకెట్ ఇటుకలు పడ్డాయి. దుమ్ము పైకి తన్నింది. ఆ దుమ్ములోంచి అదే గొంతు, ఈసారి తొందరగా, ముక్కలుముక్కలుగా వచ్చింది. అప్పుడు గుర్తుపట్టాను.

మా అమ్మమ్మది కొల్లేటి ఒడ్డున ఊరు. అక్కడ బాతుల మందల్ని కాసే కుక్కలుండేవి, జోనంగులు. అవి మామూలు కుక్కల్లా మొరగవు, గొంతు సాగదీసి కూస్తాయి. బాతుల మందలు తగ్గాయి, ఆ కుక్కలూ తగ్గాయి. నలభై ఏళ్లుగా ఆ కూత వినలేదు.

ఆపమనాలంటే వాకీటాకీ బటన్ నొక్కాలి. నొక్కితే, నా సంతకం అబద్ధమని చెప్పాలి. రెండో బకెట్ గుట్టలోంచి లేచి, కన్నం దాకా రావడానికి అర నిమిషం. ఆ అర నిమిషమూ బటన్ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను. రెండో బకెట్ పడింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

కూత ఆగిపోయింది. అప్పుడు నొక్కాను.

“ఆపండి. మూడో గదిలో ప్రాణం ఉంది.”

“ఏంది, చూసి సంతకం పెట్టిన్రు గదా?” సూపర్‌వైజర్ గొంతు.

“చూడలేదు. నేను దిగలేదు.”

జేసీబీ ఇంజిన్ ఆగింది. దిగాను. వెనక రెండో గేటు అతను నా రెయిన్‌కోటు కొస పట్టుకుని దిగాడు. నీళ్లు మోకాళ్ల కిందకే.

మూడో గది నేల ఎత్తు, నీళ్లు అక్కడిదాకా ఎక్కలేదు. బండలు ఎప్పుడో పీకేశారు, అంతా మట్టి. చుట్టూ కూలీలు పైనుంచి పారేసిన అన్నం పొట్లాలు. ఇటుకల కుప్పకి జానెడు దూరంలో చిన్న గుంట. దానిలో కుక్కపిల్ల. జోనంగి గుంట తవ్వుకుని పడుకుంటుంది, అది దాని అలవాటు. ఆ గుంటే దాన్ని కాపాడింది. ఒళ్లంతా దుమ్ము, నుదుటి మీద ముడతలు. కదలలేదు. వేలితో తాకాను. కళ్లు తెరిచింది.

“లాడ్జి వాచ్‌మన్‌ది గావచ్చు,” అన్నాడు రెండో గేటు అతను. “గాయనది మీ ఆంధ్రా దిక్కే, కొల్లేరు కాడ కైకలూరు. తల్లి కుక్కను, పిల్లలను బుట్టల ఏస్కొని పోయిండు. గిదొక్కటి తప్పింది.” తర్వాత నా వైపు తిరిగి, “తాతా, నిజం చెప్పు, మంచుల ఏం జేసినవు?”

“తొమ్మిది నెలలు. స్టోర్‌లో. మేజోళ్లు, దుప్పట్లు ఇచ్చేవాణ్ని.”

“గట్ల జెప్పు మరి,” అన్నాడు. నా రెయిన్‌కోటు మాత్రం వదల్లేదు.

పైకొచ్చాక సూపర్‌వైజర్ రిజిస్టరు మూసి, “రేపటికెళ్లి రాకున్రి,” అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. పిల్లని టిఫిన్ డబ్బా తెచ్చుకున్న సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఎనిమిది రోజుల డ్యూటీ అయిదో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది.

ఇప్పుడది మా ఇంట్లో పూలకుండీలన్నీ తవ్వేస్తోంది. నేను ఛాతీ లోతు నీళ్ల కథ మొదలుపెడితే లేచి పక్కగదిలోకి పోతుంది. కానీ కళ్లు మూసుకుంటే నాకు కనబడేది దాని ముఖం కాదు. రిజిస్టరులో మూడో వరస. గుండ్రంగా, తొందర లేకుండా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా, నా చేతిరాత.