కమాను మీద చింతకర్ర సుత్తి

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేదాన్ని. చచ్చినవాళ్లంతా లేచి తిరిగితే బతికినవాళ్లకు నిలబడే చోటుండదని మా పేట ఆడవాళ్లతో వాదించేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ పంజగుట్ట వాగు దగ్గర జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అవి నిజాం రోజులు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాలేదు. అమీర్‌పేటకూ పంజగుట్టకూ మధ్య చేలు, బండరాళ్లు తప్ప ఇళ్లు పెద్దగా లేవు. దారిలో వాగు మీద ఒంటి కమానుతో రాతి వంతెన కడుతున్నారు. మేస్త్రీ మా ఆయన దావీదు. సున్నం నూరే గానుగ నాది. ఎద్దును తోలడం, ఇసుక, కరక్కాయ నీళ్లు కలపడం నా పని.

కమాను కట్టేటప్పుడు రాళ్లు పడిపోకుండా కింద చెక్కల చట్రం నిలబెడతారు. సున్నం గట్టిపడ్డాక దాన్ని దించుతారు. దించే వేళ మేస్త్రీ కమాను కింద నిలబడాలి, అది మా పనివాళ్ల ఆచారం. కట్టినవాడికే నమ్మకం లేకపోతే పైన బండ్లు ఎట్లా నడుస్తాయని మా ఆయన అనేవాడు. నిలబడే ముందు పైకెక్కి చింతకర్ర సుత్తితో ఒక్కో రాయినీ కొట్టి వినేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. సున్నం పట్టిన రాయి గట్టిగా పలికేది, పట్టనిది మొద్దుగా పలికేది.

నడిమి రాయి పెట్టి కమాను మూసే వారంలోనే ఆయనకు జ్వరం తగులుకుంది. ఒకరోజు పలవరిస్తున్నాడని కబురొస్తే, సాయంత్రం దాకా తిరగాల్సిన గానుగను మధ్యాహ్నమే ఆపేసి ఇంటికి పరుగెత్తాను. సగం నలిగిన ఆ సున్నాన్నే కూలీలు తీసుకెళ్లి వాడేశారు. ఏ రాళ్ల మధ్య పెట్టారో నాకు తెలియదు. భయంతో అడగనూ లేదు.

నాలుగో రోజు ఆయన పోయాడు. ఆ సుత్తిని ఆయన శవపెట్టెలోనే ఉంచి సమాధి చేశాం.

చట్రం దించే రోజు వచ్చింది. అన్న బదులు తాను నిలబడతానన్నాడు మా మరిది యోహాను. అతనికి ముగ్గురు పసిపిల్లలు. సున్నం సంగతి చెబితే దావీదు మేస్త్రీ పని కచ్చా అని నలుగురూ అంటారు. చెప్పకపోతే మరిది ప్రాణం మీదికొస్తుంది. అందుకని నేనే నిలబడతానని పట్టుబట్టాను. నిజం చెప్పాలంటే, పడితే నా మీదే పడనీ అనుకున్నాను. ఆయన లేని ఇంటికి తిరిగి వెళ్లాలని నాకేమీ లేదు.

పొద్దున పది గంటల వేళ. వాగులో చుక్క నీరు లేదు. చట్రాన్ని బిగించిన చెక్కముక్కలు ఊడగొట్టడానికి కూలీలంతా కిందే, కమాను అంచుల బయట సిద్ధంగా ఉన్నారు. నేను చట్రం గుంజల మధ్య నిలబడి కళ్లు మూసుకున్నాను.

పైన చప్పుడు మొదలైంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. అమీర్‌పేట వైపు నుంచి ఒక్కో రాయే దాటుకుంటూ వచ్చింది. అన్నీ గట్టిగా పలికాయి. నడిమి రాయి దాటాక మూడోది మొద్దుగా పలికింది. మళ్లీ కొట్టారు. ముందుకు పోకుండా అక్కడే కొడుతూ ఉన్నారు.

"ఎవలురా పైన కొట్టేది? దిగుండ్రి," అని యోహాను కేకేశాడు.

అతను గట్టెక్కి చూస్తే పైన ఎవరూ లేరు.

నేను బయటికొచ్చి అందరి ముందూ చెప్పేశాను. "సున్నం నేను సగమే నూరిన. నడిమి రాయి దాటినంక మూడోది పట్టలే. తప్పు నాది, ఆయనది కాదు. చెక్క ముట్టకుండ్రి."

సర్కారు తరఫున పని చూసే ఓవర్సీరు సాబ్ పైకెక్కి, నేను చెప్పిన రాయి సందులో మేకు పెట్టి వేలితో నొక్కాడు. మేకు లోపలికి దిగిపోయింది. మిగతా ఏ సందులోనూ దిగలేదు. ఆ చుట్టూ రాళ్లు విప్పి మళ్లీ కట్టారు. ఈసారి గానుగ రెండు రోజులు తిప్పాను.

చట్రం దించినప్పుడు మళ్లీ నేనే నిలబడ్డాను. కమాను కదల్లేదు. చప్పుడూ రాలేదు.

అది ఎండకు చెక్కలు చిట్లిన చప్పుడన్నాడు ఓవర్సీరు. కావచ్చు. చెక్కలకు ఆ లెక్క ఎవరు నేర్పారో, ఆ రాయి ఎవరు చూపించారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ దారిన పోయినప్పుడల్లా కమాను కిందికి దిగి కాసేపు నిలబడేదాన్ని. బండ్ల మోత తప్ప ఏమీ వినబడేది కాదు. రాయి బాగాలేదని చెప్పడానికి వచ్చిన మనిషి, నేనెట్లా ఉన్నానో అడగడానికి ఒక్కసారైనా రాలేదు.