ఇస్త్రీ చొక్కా

వీధి మలుపులో ఇస్త్రీ బల్ల వేసుకున్న ఆవిడని అందరూ ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. ఆమె మొగుడు బస్సు డ్రైవరు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎవరడిగినా "మెల్లగా కోలుకుంటున్నారు" అనేది. ఇంటి గుట్టు లంకకు చేటు కదా. ఆ గుట్టు కాపాడడానికే రోజూ పొద్దున్నే ఆయనకి గడ్డం గీసి, మడత నలగని చొక్కా తొడిగి, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టేది. పిచ్చిది, సగం పరువు ఆ చొక్కాలోనే ఉందనుకునేది.

కిందటి నెలలో ఆమె బల్ల దగ్గరుండగా ఆయన రెండుసార్లు పడిపోయాడు. రెండోసారి గంటసేపు నేల మీదే ఉన్నాడు. సంగతి తెలిసి, ఇస్త్రీకి బట్టలు వేసే టీచరమ్మ చివాట్లు పెట్టింది.

"అడగందే అమ్మైనా పెట్టదే. పింఛన్ల ఆఫీసుకెళ్లి ఏమేం వస్తాయో కనుక్కో."

వెళ్లింది. కౌంటరులో గుమస్తా ఓపిగ్గానే చెప్పాడు. పనికి వెళ్లలేని మనిషికి పింఛను ఉంది. తన పనులు కూడా తాను చేసుకోలేకపోతే, చూసుకునే మనిషికి వేరే భత్యం ఉంది. రెండూ కలిసి రావచ్చు. ఆ రెండోది వస్తే ఆమె మధ్యాహ్నాలు బల్ల మూసి ఆయన దగ్గరే ఉండొచ్చు.

"ఇంటికొచ్చి చూసి రాసుకుంటారమ్మా," అన్నాడు గుమస్తా.

ఉద్యోగిని వచ్చే రోజున ఈమె చేసిన నిర్వాకం చూడండి. చుట్టాలొస్తున్నట్టు ఇల్లంతా తుడిచి, ఆయనకి ఉన్నవాటిలో మంచి చొక్కా తొడిగింది. ఉద్యోగిని ఆయన్ని ఎగాదిగా చూసి కాగితం తీసింది.

"స్నానం మీరే చేస్తారా?"

"చేస్తాను."

"బట్టలు వేసుకోవడం?"

"నేనే వేసుకుంటాను," అన్నాడాయన గోడవైపు చూస్తూ.

కొత్త మనిషి ముందు అంతకంటే ఏమంటాడు పాపం. ఉద్యోగిని రాసుకుపోతోంది. ఇక ఆ భత్యం రానట్టేనని ఇస్త్రీ అక్కకి తెలిసిపోయింది. ఆయన మాట కాదనలేకపోయింది, ఊరుకోనూ లేకపోయింది. లేచి వెళ్లి ఆయన చొక్కా గుండీలన్నీ విప్పేసింది.

"పెట్టుకోండి," అంది.

ఆయన ఎడమ చేత్తో మొదలుపెట్టాడు. గుండీ కాజా దాకా వెళ్లి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. నుదుటి మీద చెమట పట్టింది. సాయానికి వెళ్లబోయిన చేతుల్ని ఆమె వెనక్కి కట్టేసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఉద్యోగిని కాసేపు చూసి, రాసిన జవాబులు కొట్టేసి మళ్లీ రాసింది.

"చాలండి," అంది మెల్లగా.

ఉద్యోగిని కాగితం మడిచి వెళ్లిపోయింది.

"ఇంకో రెండు నిమిషాలు ఆగుంటే పెట్టేసేవాణ్ణి," అన్నాడాయన.

"పెట్టేసేవారే," అంది ఇస్త్రీ అక్క, ఎదురుగా కూర్చుని గుండీలు పెడుతూ.