శౌరమ్మ లేని నవల

పెళ్ళెప్పుడు చేసుకుంటావంటే, నవల పూర్తయ్యాక చూద్దాం అనేవాడు అంతోని. ముప్పయ్యో ఏట మొదలుపెట్టిన మాట అది. నలభై మూడు వచ్చేసరికి అడిగేవాళ్ళు అడగడం మానేశారు, నవల మాత్రం పూర్తయింది. ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో అతను ప్రూఫ్‌రీడరు. ఆ రోజుల్లో బెజవాడలో నవలలు ఎంత జోరుగా అచ్చయ్యేవంటే, ఒకటి దిద్ది తలెత్తేలోగా రెండోది బల్ల మీద పడేది. ఇరవై ఏళ్ళలో ఎన్ని వందలు దిద్దాడో అతనికే లెక్క లేదు. సాయంత్రం మెస్సులో భోంచేసి పటమటలో గదికి పోతే, మళ్ళీ తెల్లారి ప్రెస్సుకి వచ్చేదాకా అతనితో మాట్లాడే మనిషి లేడు. ఆదివారం పూజ అయ్యాక ఫాదరుగారు బాగున్నావా అంతోనీ అని అడిగితే, ఆ ఒక్క పలకరింపుతో వారం గడిపేవాడు.

అతను నవల రాసింది పేరు కోసం కాదు. తల్లి శౌరమ్మ పోయి పందొమ్మిదేళ్ళయింది. కూచిపూడి దగ్గర పల్లెలో పొలం పనులు చేసుకుని బతికిన మనిషి, ఏనాడూ ఫొటో దిగలేదు. ఆమె మొహం, మాట గుర్తున్నవాళ్ళు లోకంలో ఇద్దరే మిగిలారు, అంతోనీ, అతని అక్క తెరేసమ్మా. మేమిద్దరం పోతే అమ్మ ఉండేదని చెప్పే దిక్కుండదు, పుస్తకంలోనైనా నిలబెట్టాలి. అదీ అతని పంతం. పదమూడేళ్ళు పట్టింది, నాలుగు వందల పేజీలయింది.

1973 నవంబరులో సమాధుల పండక్కి ఊరు వెళ్తూ ఆ కాగితాల కట్ట సంచిలో పెట్టుకున్నాడు. పొద్దున అక్కాతమ్ముళ్ళిద్దరూ తల్లి సమాధి చుట్టూ గడ్డి పీకి, సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వసారాలో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. తెరేసమ్మకి అక్షరం ముక్క రాదు గానీ, వినడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. నవలలో పద్మావతమ్మ అనే ఇల్లాలు తెల్లవారకముందే తలస్నానం చేసి, తులసి కోటకి ప్రదక్షిణం చేసి, పసుపు రాసిన గడప దగ్గర నిలబడి కొడుకు చదువు కోసం దేవుడికి మొక్కుకుంటుంది. మూడో ప్రకరణానికే తెరేసమ్మ కళ్ళొత్తుకుంది. అంతోని గుండె ఉప్పొంగింది. ఐదోది అయ్యాక ఆపి, ఎట్టా ఉందక్కా అని అడిగాడు.

"బాగుందిరా తమ్ముడా. పాపం, ఎన్ని అగచాట్లు పడింది ఆ తల్లి! ఇంతకీ ఎవరావిడ? మీ ప్రెస్సు ఓనరుగారి వాళ్ళమ్మా?"

ఏం చెబుతాడు? పేరు మార్చడం పెద్ద తప్పు కాదు, నవలల్లో అందరూ మారుస్తారు. కానీ ఇరవై ఏళ్ళుగా అతని బల్ల మీదికొచ్చిన ప్రతి నవలలోనూ తల్లి అంటే తులసి కోట, కుంకుమ బొట్టు, మడి చీర. నవలలో తల్లి ఇలాగే ఉండాలి కాబోలనుకున్నాడు ఈ వెర్రిబాగులవాడు. మెళ్ళో జపమాల వేసుకుని నాట్లకి పోయిన శౌరమ్మ చేత తులసి పూజ చేయించాడు. వేరే ఎవరైనా చేసి ఉంటే విరగబడి నవ్వేవాడే. ఎవరో ఒకావిడలే అక్కా అని, కట్ట మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

నెల రోజులు దాన్ని ముట్టుకోలేదు. ప్రెస్సులో ఎన్నడూ లేనిది పేజీకి నాలుగు తప్పులు వదిలేస్తుంటే, ఒంట్లో బాగాలేదా అని ఓనరు వెంకటకృష్ణారావుగారే అడిగారు. ఎవరితోనైనా చెప్పుకోవాలని అతని ప్రాణం కొట్టుకుపోతోంది. ఏమని చెప్పుకుంటాడు? మా అమ్మ ఎలా ఉండేదో నేనే మరిచిపోయానండీ అనా? బానే ఉన్నానండీ అన్నాడు.

క్రిస్మస్ సెలవు రోజున, పూజ నుంచి వచ్చి, ఎర్రసిరా పెన్ను తీసుకుని కట్ట ముందు కూర్చున్నాడు. పరాయివాళ్ళ ప్రూఫులు దిద్దినట్టే దిద్దుదామనుకున్నాడు. ఈ వాక్యం ఫలానా సీరియల్లోది, కొట్టెయ్యి. ఈ ఏడుపు నిరుడు అచ్చయిన నవలలోది, కొట్టెయ్యి. ఇలా ఎవరి సొత్తు వాళ్ళకి పంపించేస్తూ పోతే, చివరికి తనదంటూ పదకొండు పేజీలు మిగిలాయి. వాటిలో వాన ఉంది, కాలవ గట్టు ఉంది, అమ్మ లేదు. ఆ పండగ పూట అన్నం కూడా తినకుండా పడుకుని ఏడ్చాడు.

మర్నాటి నుంచి, ప్రెస్సుకి వెళ్ళేలోగా రోజూ గంటన్నర రాయసాగాడు. ఈసారి శౌరమ్మ శౌరమ్మే. మోకాళ్ళ దాకా బురద, నడుముకి బిగించిన చీర, నోట్లో చుట్ట. ఫాదరుగారు ఎదురైతే ఆ చుట్ట వీపు వెనక్కి పోయేది. ఆమె మాటల దగ్గరే వచ్చింది తంటా అంతా. పోమాకు అని రాస్తే, చేతిలో పెన్ను దానంతటది వెళ్ళవద్దు అని దిద్దేసేది. నీ చెయ్యి విరగ అని పైకే తిట్టుకుని మళ్ళీ రాసేవాడు. ఆ గదిలో మనిషి గొంతు వినిపించేది అప్పుడే.

వేసవికి కథ హాస్టలు దగ్గరికి వచ్చి ఆగింది. పాత కట్టలో ఈ ఘట్టం అసలు లేనే లేదు. పన్నెండేళ్ళప్పుడు అతను బెజవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే, శౌరమ్మ వేయించిన రొయ్యలు గుడ్డలో మూటగట్టుకుని, పడవెక్కి చూడటానికి వచ్చింది. గేటు దగ్గర తోటి పిల్లలు ఎవర్రా ఆమె అని అడిగారు. మా ఊరామె అన్నాడు అంతోని. ఆమె నాలుగడుగుల అవతల నిలబడి ఉంది. మూట చేతికిచ్చి, బాగా చదువుకో అని చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ హాస్టలుకి రాలేదు. విని ఉండదులే అని ముప్పై ఏళ్ళుగా తనకి తనే సర్దిచెప్పుకుంటున్నాడు. మూడు పేజీల ముక్క రాయడానికి మూడు వారాలు పట్టింది. సిగ్గు విడిచి, ఉన్నదున్నట్టు రాశాడు.

మరుసటి ఏడు సమాధుల పండక్కి అదే వసారాలో చదివాడు. చుట్ట దాచే చోట తెరేసమ్మ పకపకా నవ్వి, ఇది మన అమ్మే అంది. అంతోనికి ఒళ్ళు పులకరించింది. హాస్టలు ఘట్టానికి వచ్చేసరికి ఆమె మొహం మాడిపోయింది.

"ఆపరా. ఎందుకట్టా అబద్ధాలు రాస్తావు?"

అబద్ధం కాదక్కా అన్నాడు.

"నాకు తెలవదా? అమ్మ వచ్చి చెప్పలా? పిల్లకాయలందర్నీ పిలిచి, ఈమె మా అమ్మ అని చూపించావంట. నీ మంచం మీద కూర్చోబెట్టావంట. అన్నం తినిపొమ్మని నువ్వు బతిమాలితే, పడవ పోద్దని తనే వచ్చేసిందంట. పేటంతా తిరిగి చెప్పుకుందిరా. చచ్చేదాకా చెప్పుకుంది."

అంటే ఆనాడు గేటు దగ్గర తను అన్నది అమ్మ విన్నదన్నమాట. విని, కొడుకు పరువు పోకుండా, పడవలో కూర్చుని దారి పొడుగునా ఈ కథ అల్లుకుంటూ వచ్చింది. ఆ ఇంట్లో కథ కట్టడం తెలిసింది ఆమెకే. కొట్టెయ్యరా అది, జరిగింది రాయి అని తెరేసమ్మ గదమాయించింది. రాస్తానక్కా అన్నాడు.

ఒక్క మాటా కొట్టెయ్యలేదు. తను అన్నది అలాగే ఉంచి, ఆమె పేటలో చెప్పుకున్నది దాని కింద రాశాడు. 1976లో నవల అచ్చయ్యాక ఊరికి తీసుకెళ్ళి అక్కకి చదివాడు. హాస్టలు పేజీ రాగానే, కళ్ళు అచ్చు మీద ఉంచి, తను అన్నది దాటేసి, అమ్మ చెప్పుకున్నదే జరిగినట్టుగా చదవసాగాడు. పిల్లలందర్నీ పిలిచాడు, ఈమె మా అమ్మ అన్నాడు, తీసుకెళ్ళి తన మంచం మీద కూర్చోబెట్టాడు.

"అదీ, ఇప్పుడు బాగుంది" అంది తెరేసమ్మ. ఆ ముక్క ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాడు.