కళ్లజోడు లేని తల్లి వేషం

నాకు రెండు కళ్లకూ ప్లస్ ఏడు. జోడు తీస్తే దగ్గరిదీ కనపడదు, దూరానిదీ కనపడదు. నా పనేమో సినిమాల్లో తల్లి వేషాలు. పాతకాలం కథల్లో తల్లులకు కళ్లజోళ్లెక్కడివి! షాట్ ముందు జోడు తీసి హెయిర్‌డ్రెసర్ చేతికిచ్చి, గొంతులు పోల్చుకుంటూ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

మొన్న వేసవిలో ఫిల్మ్ నగర్ స్టూడియోలో నా బండారం బయటపడింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొడుకును, అంటే హీరోను, పట్టుకుని ఏడవాలి. "యాక్షన్" అనగానే పరుగెత్తి, ఎర్ర అంగీ కనపడ్డ చోట వాటేసుకుని బావురుమన్నాను. నా చేతుల్లో ఉన్నవాడు చెవిలో మెల్లగా అన్నాడు: "అమ్మా, నేను డూపును. హీరో సారు గాడున్నడు." అప్పటిదాకా ఫైటు చేసి, అదే అంగీతో పక్కన నిలబడ్డాడు పాపం.

యూనిట్ అంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! డైరెక్టర్ మాత్రం నవ్వలేదు. ప్యాకప్ అయ్యాక పిలిచి, "క్లైమాక్స్ అంతా మీ మీదే ఉందండీ. వచ్చే షెడ్యూల్‌లోపు కళ్ల సంగతి చూసుకోండి. లేకపోతే వేరే ఆర్టిస్టును పెట్టుకోక తప్పదు" అన్నారు. ఇంత పెద్ద వేషం నాకు మళ్లీ ఎవరిస్తారు?

జూబ్లీహిల్స్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, కూర్చోకముందే "లేజర్ చేసెయ్యండి" అన్నాను.

"మీ నంబరుకు లేజర్ పనికిరాదమ్మా" అందావిడ. ప్రాణం ఉసూరుమంది. కంట్లో ఉన్న లెన్స్ తీసి వేరేది పెట్టే ఆపరేషన్ ఉందట. కానీ నా కనుగుడ్డు మామూలుకన్నా పొట్టిదట, తొందరపడొద్దంది. "ముందు కాంటాక్ట్ లెన్స్ వేసి చూద్దాం."

"కంట్లో వేలు పెట్టుకోవాలా? నావల్ల కాదు తల్లీ!"

"రోజూ కాటుక పెట్టుకునే చెయ్యే కదా?" అంది.

నానా తంటాలు పడి నేర్చుకున్నాను. చదవడానికి మాత్రం ఓ చిన్న జోడు కావాలి. అయితేనేం!

క్లైమాక్స్ షాట్‌లో హీరో గుమ్మంలో నిలబడి, "నన్ను క్షమించవా అమ్మా" అన్నాడు. కింది పెదవి వణుకుతోంది. కళ్లు నిండిపోయాయి. నాకెదురుగా ఎంతమంది కొడుకులు ఇలా ఏడ్చారో, ఒక్కడి ముఖమూ నేను చూడలేదు. నా డైలాగ్ కాస్తా ఎగిరిపోయింది. "అయ్యో, ఏడవకు నాన్నా" అంటూ వెళ్లి అతని ముఖం తుడిచాను.

"కట్" అన్నారు డైరెక్టర్. "రాసింది అది కాదండీ."

వేషం పోయినట్టే అనుకున్నాను.

"పర్లేదు, ఇదే ఉంచుదాం."

హమ్మయ్య! అప్పుడు, మేకప్ అంతా కారిపోయేలా ఏడ్చాను.